లేనిచోట గీసిన గుల్ల

పటాల విభాగంలో ఆవిడను భూతద్దం అనేవారు. ఎదురుగా మాత్రం అక్కయ్యగారూ అని పిలిచేవారు. ఆ పేరు ఎవరు పెట్టారో కనిపెట్టాలని ఆవిడ కొన్నాళ్ళు కాపు కాసింది. ముగ్గురి మీద అనుమానం పడి ముగ్గురితోనూ మాట్లాడడం మానేసింది. తీరా చూస్తే పెట్టింది నాలుగోవాడు, రోజూ ఆవిడతో కలిసి టీ తాగే గుమాస్తా.

అనుమానం ఆవిడకు ఉగ్గుపాలతో అబ్బిన విద్య. చిన్నప్పుడు తల్లి డబ్బా ఖాళీ అంటే మూత తీసి, బోర్లించి, అడుగు తట్టి చూస్తే గాని నమ్మేది కాదు. సిగరెట్టు అలవాటు లేదని చెప్పిన పెళ్ళికొడుకు చొక్కా జేబులో అందరి ఎదుటా చెయ్యి పెట్టింది. అగ్గిపెట్టె దొరికింది. అయినా అతన్నే చేసుకుంది. మనిషి ఏ విషయంలో అబద్ధమాడతాడో ముందే తెలిసిపోయింది కనుక ఇక బెంగ లేదట. ఆయన పెళ్ళయిన ఏడాదికే సిగరెట్టు మానేశాడు. మానేశాడని ఆవిడ ఇప్పటికీ నమ్మదు.

ఇలాంటి మనిషికి దేవుడు తగిన ఉద్యోగమే చూపించాడు. మొదట బట్టల మిల్లులో తానుల పరీక్ష. కింద దీపం వెలిగే అద్దపు బల్ల మీదుగా గుడ్డ జరిగిపోతూ ఉంటే తెగిన పోగు, ముడిపడిన పోగు, రంగు తేలిన చోటు చూసి సుద్దతో గుర్తు పెట్టాలి. యంత్రాలొచ్చి ఆ బల్లలు తీసేశాక, రేడియో టెలిస్కోపు ఆఫీసువాళ్ళు అలసిపోని కళ్ళున్న మనుషులు కావాలని మిల్లుకే వచ్చి అడిగారు. ఆకాశం చూసుకునేవాళ్ళకు మాతో ఏం పని, ఇందులో ఏదో మెలిక ఉందని సణుగుతూనే ఆవిడ వెళ్ళి చేరింది.

పటాల విభాగం అధికారిని అందరూ పెద్దసారు అనేవారు. ఆయన మొదటిరోజున ఒక పళ్ళెంలో పిండి పలచగా పరిచి మధ్యలో ఉఫ్ అని ఊదాడు. నడుమ ఖాళీ అయి పిండి అంతా చుట్టూ గట్టులా చేరింది. నక్షత్రాల మధ్య ఉన్నది ఉత్త శూన్యం కాదని, పలచని హైడ్రోజన్ వాయువు పరుచుకుని ఉంటుందని చెప్పాడు. ఒకచోట గుంపుగా పుట్టిన భారీ నక్షత్రాలు ఒకదాని వెనక ఒకటి పేలిపోయినప్పుడు ఆ వాయువును ఇలాగే చుట్టూ నెట్టేస్తాయి. లోపల బోలు, చుట్టూ గోడ. ఈ గోడ దగ్గర బయలుదేరిన వెలుగు ఆ గోడను చేరేసరికి వందల ఏళ్ళు పడుతుంది, కొన్నిట్లో వేల ఏళ్ళు. ఆఫీసులో వాటిని గుల్లలు అనేవారు. ఇంటికొచ్చి చెబితే అత్తగారు నవ్వింది. ఇల్లు గుల్ల చేసినవాళ్ళను చాలామందిని చూసింది గానీ, గుల్లలు చూసి జీతం తెచ్చేవాళ్ళను అప్పుడే చూస్తోందట.

పెద్దసారు తేల్చాలనుకున్న సంగతి ఆ గోడల్లో ఉంది. అక్కడ వాయువు కుప్పపడి, చిక్కబడి, చల్లబడుతుంది. బయటి నక్షత్రాల వెలుగు లోపలికి చొరనంత దట్టమైన చోట విడివిడిగా తిరిగే హైడ్రోజన్ పరమాణువులు జంటలు కట్టి అణువులవుతాయి. అదే అణుమేఘం. కొత్త నక్షత్రాలు పుట్టేది అందులోనే. అయితే గోడ మీద మేఘం కనిపించినంత మాత్రాన దాన్ని గుల్లే తయారుచేసిందని ఎలా చెప్పగలం? మేఘం ముందునుంచీ అక్కడే ఉండి, గుల్ల పెరుగుతూ వచ్చి దానికి తగులుకుని ఉండవచ్చు. పెద్దసారు జీవితమంతా ఈ ఒక్క ప్రశ్న చుట్టూ తిరిగింది.

అందుకు ఆఫీసులో రెండు కట్టుబాట్లు పెట్టాడు. మేఘాలెక్కడున్నాయో ముందే తెలిస్తే కన్ను వాటి పక్కన లేని గుల్లలను కూడా చూస్తుంది కనుక, మేఘాల పటాలు ఆయన బీరువాలో తాళం వేసి ఉండేవి. రెండోది ఇంకా గట్టిది. వాయువు ఎక్కడెంత ఉందో చూపే ఒకే వాయుపటాన్ని ఇద్దరు వేరువేరు గదుల్లో కూర్చుని చూడాలి. పటం మీద ట్రేసింగు కాగితం పరిచి తమకు కనిపించిన గుల్లలు గీయాలి. రెండు కాగితాలనూ గుమాస్తా వెలుతురు బల్ల మీద ఒకదానిపై ఒకటి పెడతాడు. ఇద్దరూ గీస్తేనే గుల్ల, ఒక్కరే గీస్తే కొట్టివేత. పని ముగిసేదాకా ఆ ఇద్దరూ పటం గురించి ఒకరితో ఒకరు పెదవి విప్పకూడదు. భూతద్దానికి ఈ పద్ధతి తెగ నచ్చింది. లోకమంతా ఇలా నడిస్తే ఎంత బాగుండునో అనేది.

ఆ తరవాత మరిదికి పెళ్ళయి చిన్నకోడలు ఇంట్లో అడుగుపెట్టింది. పిల్ల నెమ్మది, మాట తక్కువ. మాట తక్కువవాళ్ళంటే భూతద్దానికి గిట్టదు, లోపలేముందో తెలియదు కదా. అయినా ఒకరోజు దండెం మీద దుప్పటి ఆరేస్తూ ఆ పిల్ల చిరగబోయే పోగును చిరగకముందే వేలు పెట్టి చూపించింది. అంతే, భూతద్దం మనసు వెన్నలా కరిగింది. తనే పెద్దసారుతో చెప్పి ఉద్యోగం వేయించింది. తన బల్ల పక్కనే కూర్చోబెట్టుకుని పని నేర్పింది. మధ్యలో చూడకు, బోలు మోసం చేస్తుంది, అంచు పట్టుకుని నడువు అని చెప్పింది. గోడ తెగినచోట ఆగి, అవతల మళ్ళీ అందుకుంటుందేమో చూడమంది. గీసేముందు ఒకసారి కళ్ళు మూసుకుని తెరవమంది. చిన్నకోడలు అన్నీ అలాగే చేసేది, కళ్ళు మూసుకోవడంతో సహా. వాన రోజుల్లో ఇద్దరూ ఒకే గొడుగులో ఇంటికొచ్చేవారు. పిల్లలు లేని భూతద్దానికి ఆ పిల్ల చెల్లెలో కూతురో తెలియకుండా పోయింది.

పని చేతికొచ్చాక చిన్నకోడలికి రెండో గది ఇచ్చి, ఇద్దరినీ జోడీ కట్టారు. ఇంట్లో పటాల మాట నిషేధం. భోజనాల దగ్గర అత్తగారి మోకాళ్ళ నొప్పుల గురించి తప్ప మాట్లాడుకోవడానికి ఏమీ ఉండేది కాదు. ఆ నొప్పుల మీద అంత శ్రద్ధ ఎన్నడూ ఎరగని అత్తగారు మురిసిపోయేది.

నిప్పురవ్వ వేసింది గుమాస్తానే. తోడికోడళ్ళ కాగితాలు రెండూ ఒకదానిపై ఒకటి పెడితే ఒకటే ఉన్నట్టుందని, కింద రెండోది ఉందో లేదో వేలితో తడిమి చూసుకుంటున్నానని ఒకరోజు టీ దగ్గర అన్నాడు. పాపం, మెచ్చుకోలుగానే అన్నాడు. భూతద్దం చేతిలోని గ్లాసు పెదవి దాకా వచ్చి ఆగిపోయింది. మిగతా జోడీలు గీసినవాటిలో సగం కలిస్తే గొప్ప. వీళ్ళవి ఎందుకు ఇంతగా కలుస్తున్నాయి? గీసిన కాగితాలు సాయంత్రం దాకా నడవలోని చెక్క అరలో ఉంటాయి. ఆ అర దాటితే గాని చిన్నకోడలి గది రాదు.

అక్కడినుంచి ఆవిడ కంటికి అన్నీ కనిపించసాగాయి. చిన్నకోడలు ఆఫీసుకు ముందే బయలుదేరుతోంది. సొరుగుకు తాళం వేస్తోంది. పెద్దసారు గదిలో తలుపు వేసుకుని మాట్లాడుతోంది, భూతద్దం లోపలికి వెళితే ఇద్దరూ గతుక్కుమని ఆగిపోతున్నారు. భోజనం త్వరగా ముగించి లేచిపోతోంది. పలకరిస్తే తేలు కుట్టిన దొంగలా చూస్తోంది. ఇవన్నీ విడివిడిగా చూస్తే ఏమీ లేవు. భూతద్దం వాటిని విడివిడిగా ఉండనివ్వలేదు. ఒకదాని పక్కన ఒకటి చేర్చి, రోజూ ఇంకాస్త నెట్టి కుప్ప వేసింది. అత్తగారి చెవిన వేస్తే, "నిప్పు లేనిదే పొగ రాదులే, అయినా నాకెందుకమ్మా" అని రెండు కట్టెలు వేసి పక్కకు తప్పుకుంది. భర్త మాత్రం, "నేర్పింది నువ్వే కదా" అన్నాడు. జేబులో అగ్గిపెట్టె పెట్టుకున్న మనిషి మాటకు విలువేముంది?

చివరికి ఆవిడ వల పన్నింది. కొత్త పటం వచ్చింది. ఉన్న గుల్లలు ఉన్నట్టు గీసి, కింది మూలన, ఏమీ లేదనిపించిన బూడిదరంగు మేర మీద పెద్ద గుల్ల ఒకటి చేతికొచ్చినట్టు గీసేసింది. గీసేముందు కళ్ళు మూసుకుని తెరవలేదు, లేనిదానికి అదెందుకని. కాగితం తీసుకెళ్ళి నడవలో అరలో పెట్టింది. గుమాస్తా రెండు కాగితాలూ కలిపి చూసేదాకా ఆవిడకు ముద్ద దిగలేదు. ఆ పిల్ల కాగితంలో అది కనిపించకూడదనే కోరుకుందని తరవాత చెప్పుకునేది. నిజమే కావచ్చు.

చిన్నకోడలి కాగితం మీద, అదే మూలన, అదే గుల్ల ఉంది.

భూతద్దం తిన్నగా పెద్దసారు గదికి వెళ్ళి చెప్పేసింది. ఆయన లేని గుల్లను కావాలని గీశారా అని రెండుసార్లు అడిగాడు. దొంగను పట్టడానికి గీశానంది. చిన్నకోడలిని పిలిపించాడు. చూసి గీయడం రుజువైతే ఉద్యోగం పోవడమే కాదు, ఆ ఇద్దరూ కలిసి చేసిన పటాలన్నీ చెత్తబుట్ట పాలవుతాయని ఇద్దరి ఎదుటా చెప్పాడు. చిన్నకోడలు పెద్దసారు వైపు చూడనైనా లేదు.

"అక్కా, అది నాకు కనిపించింది."

"లేనిది ఎలా కనిపిస్తుందే?"

అక్కడ గుల్ల నిజంగా ఉంటే దాని గోడ వెంట మేఘాలు దొరకవచ్చని పెద్దసారు అన్నాడు, కానీ ఆ మేర మేఘాల పటం ఇంకా ఆయన బీరువాకు చేరలేదు. అది వచ్చి సంగతి తేలేదాకా చిన్నకోడలిని గీసే పని నుంచి తప్పించి సామాన్ల గదిలో వేశారు. పాత పటాలు దుమ్ము దులిపి చుట్టలు చుట్టే పని. ఆ కళ్ళకు అది శిక్షేనని భూతద్దానికి తెలుసు. తెలిసీ తగిన శాస్తేననుకుంది. ఇంట్లో వంటిళ్ళు రెండయ్యాయి. మరిదీ భార్యా వెనక భాగంలోకి మారారు. అత్తగారు పొద్దున ఒక వంటింట్లో, సాయంత్రం ఒక వంటింట్లో తింటూ రెండు చోట్లా కూరల్లో ఉప్పు తక్కువైందని చెప్పేది. ఎదురుపడితే చిన్నకోడలు పక్కకు జరిగి దారి ఇచ్చేది. అక్కా నువ్వు అనే పిల్ల, ఏదైనా అనక తప్పనప్పుడు మీరు అనడం మొదలుపెట్టింది. తలుపు మొహాన వేసినా అంత బాధపడేది కాదు భూతద్దం.

చలికాలం వెళ్ళాక మేఘాల పటం వచ్చింది. హైడ్రోజన్ అణువులు అంత చల్లటి చోట తమంతట తాము దొరకవు. వాటితో కలిసి ఉండే కార్బన్ మోనాక్సైడ్ పంపే సంకేతం పట్టుకుని వేరే దేశంలోని టెలిస్కోపు ఆ పటం తయారుచేస్తుంది. పెద్దసారు భూతద్దాన్ని గదికి పిలిచి, తలుపు వేసి, ఆవిడ గీసిన ట్రేసింగు కాగితాన్ని తెచ్చి ఆ కొత్త పటం మీద పరిచాడు.

కింది మూలన, లేనిచోట గీసిన గుల్ల గోడ వెంబడి మేఘాలు వరసగా ఉన్నాయి. ఒక పక్క దట్టంగా, మరో పక్క పలచగా, తెగుతూ, మళ్ళీ అందుకుంటూ, గీత ఎటు తిరిగితే అటు తిరిగాయి.

భూతద్దం మొదట పెద్దసారును అనుమానించింది. చిన్నకోడలిని కాపాడడానికి ఈయనే ఏదో కల్పించాడనుకుంది. పటం తిప్పి వెనక చూసింది. అంచుల్లో ముద్రలు చూసింది. ఇదే చోటుదని నమ్మకం ఏమిటని అడిగింది. ఆయన విసుక్కోకుండా కొలతలు చూపించాడు. పటం వచ్చిన కట్టు కూడా చూపించాడు, సీలు తెంపింది గుమాస్తా ఎదుటే. ఇక అనుమానించడానికి ఎవరూ మిగలక, ఆవిడ తన పాత వాయుపటం తెప్పించుకుంది. ఆ మూల ముందు కూర్చుంది. కళ్ళు మూసుకుని తెరిచింది.

గుల్ల ఉంది. బూడిదరంగులో బూడిదరంగు, గోడ సన్నగా, రెండుచోట్ల తెగి. మిల్లులో కొత్తగా చేరిన పిల్ల కూడా చూడగలిగేంత స్పష్టంగా ఉంది. ఆ రోజు ఆవిడ పటాన్ని చూడలేదు, పటంలో చిన్నకోడలిని చూసింది. మరి చెయ్యి మాత్రం సరిగ్గా అక్కడికే ఎందుకు వెళ్ళింది? తను చూడకపోతే తన కన్ను తనకు చెప్పకుండా చూసిందా?

సిగ్గుతో తల వంచుకునే అడిగింది, ఈ మేఘాలు గుల్ల చేసినవేనా అని. పెద్దసారు ఆ ప్రశ్న కోసమే కాచుకున్నట్టు కుర్చీ దగ్గరకు లాక్కున్నాడు. దట్టంగా ఉన్న పక్క మేఘం గుల్ల కంటే పాతదయి ఉండవచ్చట, గోడతో పాటు కదలడం లేదట, గుల్ల వచ్చి దాన్ని ఒరుసుకుంది. పలచగా ఉన్న పక్కవి గోడతో పాటే బయటికి కదులుతున్నాయి, అవి గుల్ల ఊడ్చి పోగు చేసినవి కావచ్చు.

"కొంత ముందే ఉన్నదమ్మా, కొంత ఇది పోగేసింది. ఏది ఎంతో తేల్చడానికే మనం ఉన్నది."

అప్పుడు ఆవిడ అసలు అడగాలనుకున్నది అడిగింది. తలుపు వేసుకుని ఆ పిల్ల మీతో ఏం మాట్లాడేది? పెద్దసారు కాస్త తటపటాయించాడు. చిన్నకోడలు జోడీ మార్చమని అడిగేదట. అక్క నేర్పిన కంటితోనే చూస్తున్నాను, మేమిద్దరం చూస్తే ఇద్దరు చూసినట్టు కాదు, ఒక్కరే రెండుసార్లు చూసినట్టు, పని చెడిపోతుంది అని. అక్కకు తెలిస్తే బాధపడుతుంది, చెప్పకండి అని కూడా అందట. ముందే వచ్చి కూర్చున్నది తన పాత గీతలు తనే దిద్దుకుంటూ, వేరేలా చూడడం అలవాటు చేసుకోవడానికి. ఆ కాగితాలే తాళం వేసిన సొరుగులో ఉన్నవి.

అంటే దాచిన మాట నిజం. తనకు చెప్పకుండా తన పక్కనుంచి వెళ్ళిపోదామనుకున్న మాట నిజం. అంతవరకు అనుమానం వట్టిది కాదు. మిగిలిన కొండంతా తను ఊడ్చి పోగేసిందే. భూతద్దం అక్కడే ఏడ్చింది. పెద్దసారు కిటికీ తెరవడానికి లేచాడు.

తన గీత కొట్టేయమని చెప్పింది. చూడకుండా గీసింది గీత కాదంది. అలా అయితే ఆ గుల్లకు ఒక్క గీతే మిగులుతుంది, కట్టుబాటు ప్రకారం అదీ పోతుంది, ఇన్నేళ్ళలో దొరికిన వాటిలో మంచి గుల్ల అని పెద్దసారు అన్నాడు. మూడో మనిషి చేత చూపించండి, నేను మాత్రం చూడలేదు అంది. ఆయన కొట్టేశాడు. చిన్నకోడలు సామాన్ల గది నుంచి తిరిగి బల్ల దగ్గరకు వస్తుందని, ఆమె మీద ఏ మచ్చా లేదని గుమాస్తాను పిలిచి చెప్పాడు.

భూతద్దం ఇంటికొచ్చి చెప్పులు విప్పకుండానే వెనక భాగం వైపు వెళ్ళింది. చిన్నకోడలు గిన్నెలు తుడుస్తోంది. కబురు ముందే అందినట్టుంది, ఆశ్చర్యపోలేదు. స్టూలు చూపించి మంచినీళ్ళు ఇచ్చింది. భూతద్దం నీళ్ళు పక్కన పెట్టి, దాచకుండా అంతా చెప్పింది. వల పన్నిన సంగతి, చూడకుండా గీసిన సంగతి, ఇవాళ చూసిన సంగతి. తప్పంతా నాదేనంది. గుల్ల నిజంగా ఉందని, దాన్ని చూసింది నువ్వొక్కదానివేనని చెప్పింది. చిన్నకోడలు గిన్నె తుడుస్తూనే వింది. తుడిచిన గిన్నెనే మళ్ళీ తుడుస్తోంది.

"చూడకుండా సరిగ్గా అక్కడే ఎలా గీస్తారక్కా?"

"ఏమో. చెయ్యి అటు పోయింది."

"గోడ తెగిన చోట్ల కూడా తెంపారు. గుమాస్తా చూపించాడు. చూడనివాళ్ళు అలా గీయరు. మీరు చూశారు. ఉందని తెలిసే, నన్ను పట్టుకోవడానికి లేదన్నారు."

భూతద్దం ఒట్టు వేద్దామనుకుంది. తనకు ఎవరైనా ఒట్టు వేస్తే ఏనాడైనా నమ్మిందా? సాక్ష్యం చూపిద్దామనుకుంది. ఆ మూల ముందు కూర్చున్నప్పుడు తన కంటి వెనక ఏముందో చూసినవాళ్ళెవరున్నారు? ఎదురుగా ఉన్న మొహంలో కోపం లేదు. అంచు పట్టుకుని నడిచే చూపు అది, తనే నేర్పిన చూపు. దాని కింద ఇన్నేళ్ళలో ఎంతమందిని నిలబెట్టిందో, వాళ్ళకు ఎలా ఉండి ఉంటుందో ఆవిడకు ఆ క్షణాన గాని తెలియలేదు.

లోపలి నుంచి అత్తగారు ఎవరొచ్చారని కేకేసింది.

లేచి వెళ్ళిపోవచ్చు. భూతద్దం వెళ్ళలేదు. చెప్పులు విప్పి గోడ పక్కన పెట్టి వచ్చి మళ్ళీ స్టూలు మీద కూర్చుంది.

"నీ చోట ఉంటే నేనైనా నమ్మను. అడుగు. ఎన్నయినా అడుగు."

చిన్నకోడలు చేతులు తుడుచుకుంది. తలుపు పక్కనున్న పీట లాక్కుని ఎదురుగా కూర్చుంది. కాసేపు కళ్ళు మూసుకుని తెరిచింది.

"ఆ పటం మీ బల్ల మీదికి వచ్చినప్పుడు, మొదట ఏ మూల చూశారు?" అని అడిగింది.

భూతద్దం నీళ్ళు తాగి, మొదటినుంచీ చెప్పసాగింది.